జ్వరం వచ్చినవాళ్ల లెక్క

ఖటోదరా, సూరత్. 2020 ఆగస్టు, బుధవారం రాత్రి.

కోపంతో ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది. మా అమ్మాయి స్రవంతికి ఫోన్‌లో స్టాటిస్టిక్స్ చెప్పే సారు ఇవాళ దాని నోరు మూయించాడు. చుట్టుపక్కల లెక్కలు సేకరించమన్నది ఆయనే. అది మిల్లు గేటు దగ్గర జ్వరం చూసే మనిషిని అడిగి వచ్చింది. లోపల పనిచేసేవాళ్లలో ఒక్కరికీ జ్వరం లేదట.

"సార్, జ్వరమొచ్చినోళ్లు రూములల్లనే పన్నరు గదా, వాళ్లనెట్ల లెక్కపెట్టాలె?" అని క్లాసులో అడిగింది.

"పరీక్షల రాదు. ఫార్ములా రాస్కో," అని దాని మైకు బంద్ చేశాడు.

పిల్ల పుస్తకం మూసేసి, "నాయినా, ఈ సబ్జెక్టు ఇడిసిపెడ్త," అంది.

అర్థం చెప్పకుండా శ్లోకాలు వల్లె వేయించేవాళ్లను నేను నడిపే సత్సంగంలో నిలబెట్టి కడిగేస్తాను. ఈయన చేసిందీ అదే. నేను బడికి పోనివాణ్ణి, గ్రంథం ఒక్కటే ఎరుగుదును. అందులో శిష్యుడు యుద్ధం ఆపి మరీ అడిగాడు, గురువు విసుక్కోలేదు. సారుకు ఫోన్ చేసి ఈ మాటే అన్నాను.

"మహారాజ్, మీ సత్సంగంల అడుగనిస్తరా?" అన్నాడు వెటకారంగా.

"ఎందుకియ్య? నా దగ్గరికొచ్చే ప్రతి మనిషి మనసు కుదుటపడ్డదనే అంటడు."

ఫోన్ పెట్టేశాక స్రవంతి మెల్లగా అంది. "కుదుటపడనోళ్లు మళ్ల రారు గదా నాయినా."

కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. సబ్జెక్టు మాత్రం వదలొద్దని గట్టిగానే చెప్పాను. సత్సంగానికి రావడం మానేసినవాళ్ల ముఖాలు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి...