కెటిల్‌లో ఉన్నదెవరు?

బావగారికి,

మీ మరమ్మతుల వీడియో ఛానెల్‌కి బ్యానర్‌గా పెట్టుకున్న స్టీలు కెటిల్ ఫొటో నేను తీసింది. మాటవరసకైనా అడగలేదు. పైగా మూలనున్న నా పేరు కత్తిరించేశారు. ఇదేమిటని అడిగితే, "మరదలి ఫొటోకి కూడా అనుమతి కావాలా?" అని అక్క ముందే పకపకా నవ్వారు.

నవ్వడం అయిపోయిందా? పొద్దున్నే ఆ వీడియోల కంపెనీకి ఫిర్యాదు పెట్టాను.

మూల కత్తిరించారు గానీ, కెటిల్ పొట్ట చూసుకోలేదు. తళతళలాడే ఆ స్టీలులో కంటికి కెమెరా ఆనించుకుని నిలబడ్డది నేనే. బ్యానర్ కోసం ఫొటో పెద్దది చేసి, నన్ను స్పష్టంగా చూపించింది మీరే.

అందులో ఉన్నదెవరని వాళ్లు మిమ్మల్ని అడుగుతారు. కత్తిరించిన ఆ పేరే మీ చేత్తో రాసి పంపండి. అక్షరం పొల్లు పోకూడదు. అనుమానముంటే అక్కని అడగండి.

ఇట్లు,
కెటిల్‌లోని మరదలు