నేను తర్వాత తింటాలే

యూసుఫ్‌గూడ,
మంగళవారం.

సౌభాగ్యవతి సుబ్బులుకి ఆదినారాయణ దీవించి రాసేది. ఎవరిచేతా రాయించలేదు, నా చేత్తోనే రాశాను. అక్షరాలు వంకరగా ఉంటే మీ అక్కకి చూపించకు.

ముందు ఒక మాట. పెళ్లయిన కాడి నుంచీ కడుపులో పెట్టుకున్నాను, ఇవాళ రాసేస్తున్నాను. నువ్వు ఒక్క పూట కూడా నా ఎదురుగా కూర్చుని అన్నం తినలేదు. కూర్చోవే అంటే "మీరు కానివ్వండి, నేను తర్వాత తింటాలే" అనేదానివి. ఏం తిన్నావో, అసలు తిన్నావో లేదో నాకు ఈనాటికీ తెలీదు. ఇప్పుడెందుకు ఈ గొడవ అంటావు. చివరిదాకా చదువు.

ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీ అక్క శారదాదేవి వదినకి తుంటి ఎముక అతుక్కుంటోందని రాశావు, సంతోషం. ఇదంతా ఫోన్‌లో ఎందుకు చెప్పలేదంటే, ఆవిడ స్పీకర్‌లో పెడితే భీమవరం అంతా వింటుంది.

నువ్వు అడిగినవాటికి జవాబు. బీపీ మాత్ర వేసుకుంటున్నాను. గ్యాస్ బండ వచ్చింది. మోకాలికి నూనె రాయడం లేదు. సినిమాల్లో ఫైటర్‌గా మేడల మీంచి దూకిన మోకాలు నూనెకి లొంగదు. మైత్రేయి సరిగ్గా తింటోందా అని అడిగావు. ఆ సంగతి రాయడానికే కూర్చున్నాను.

మనవరాలిది ఆహారం చదువు కదా. ట్రైనింగ్ అని జూబ్లీహిల్స్‌లో డైట్ క్లినిక్‌లో చేరింది. సినిమావాళ్లు వచ్చే చోటు. ఫిల్మ్‌నగర్ టీ కొట్టు దగ్గర అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. అక్కడ ప్రతి సోమవారం, వచ్చేవాళ్లకంటే ముందు పనిచేసే పిల్లల్నే బరువు మెషిన్ ఎక్కిస్తారట. అంకె పైకి చదువుతారట. వాళ్ల రష్మి మేడం "నీ నడుం చూస్తే నీ మాట ఎవరు వింటారమ్మా" అందట. సన్నబడితేనే ఉద్యోగం.

పిల్ల చిక్కింది. చదువు ఒత్తిడి అనుకున్నాను. రాత్రి నాకు కంచం పెట్టి "నువ్వు తిను తాతా, నేను తర్వాత తింటాలే" అనేది. ఆ మాట ఈ ఇంట్లో ఎప్పుడూ వినేదే. తిని, చెయ్యి కడుక్కుని టీవీ ముందు కూర్చునేవాణ్ణి. మగపిల్లాడైతే ఎందుకు తినవురా అని అడిగేవాణ్ణి.

పోయిన గురువారం క్లినిక్ మెట్ల మీద కళ్లు తిరిగి పడిపోయింది. నీకు ఫోన్‌లో బాగుందన్నాను. అబద్ధం. మన వీధి డాక్టరు అడిగాడు.

"ఆఖరిసారి అన్నం ఎప్పుడు తిన్నావమ్మా?"

"నేను డైటీషియన్‌నండీ."

"అందుకే అడుగుతున్నాను."

గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు ఆ మేడం దగ్గరికి కొట్లాటకే వెళ్లాను. చక్కెర లేని టీ ఇచ్చింది. "తాతగారూ, మీరు ఫైట్లు చేసేవారట. పొట్ట ఉన్న ఫైటర్ని ఫైట్ మాస్టర్ పిలిచేవాడా?" అంది. పిలవడు అన్నాను. ఏం చెయ్యను, నన్నూ పొట్ట వచ్చాకే పిలవడం మానేశారు. టీ తాగి వచ్చేశాను.

ఆసుపత్రిలో ఉద్యోగానికి చేరవే, రోగులకి నీ నడుంతో పనేంటి అన్నాను పిల్లతో. "ఆర్నెల్లు జీతం లేకుండా చెయ్యాలి తాతా. తర్వాత పరీక్ష. అదీ గట్టెక్కితే వచ్చేది నీ పెన్షన్‌తో సమానం" అంది. ఆదివారం మంచినీళ్లు కూడా ముట్టలేదు, సోమవారం మెషిన్ ఉందని. చొక్కా విప్పే సీను ముందు హీరోలు అట్లా మానేసేవాళ్లు. వాళ్లకి పక్కన డాక్టరు ఉండేవాడు.

ఇప్పుడు ఎదురుగా కూర్చుని తినవే అంటున్నాను. నేను చూస్తుంటే ముద్ద దిగదంటూ లేచిపోతోంది. ఒకళ్లకి అన్నం ఎలా పెట్టాలో నాకు చేతకావడం లేదు సుబ్బులూ. ఈ మాట ఇంకెవరితోనూ అనలేను.

"నాన్నకి చెప్పావో, తణుకు తీసుకుపోయి నా పుస్తకాలు అటకెక్కిస్తాడు" అంటోంది. మన శ్రీకృష్ణ అంత పనీ చేస్తాడు. వాడికి చెబితే దాని చదువు పోతుంది. చెప్పకపోతే పిల్లే పోయేలా ఉంది. చెప్పనా, వద్దా? వదిన తుంటి సంగతి తెలిసి కూడా అడుగుతున్నాను, నువ్వు వస్తావా, రావా? శనివారం పొద్దుగూకేలోపు నీ మాట నాకు తెలియాలి. తెలియకపోతే ఆదివారం పొద్దున్నే వాడికి నేనే చెప్పేస్తాను. దాని చదువు ఏమైనా సరే.

ఇట్లు,
నీ పెనిమిటి
ఆదినారాయణ