తాలుకాయలు

అద్దంకి,
ఏప్రిల్ 19

మా బంగారు అక్కకు,

చేతిలో ఫోన్ ఉండగా ఈ కాగితాలేమిటే అని నవ్వుకోకు. నేను ఫోన్ తీస్తే చాలు, మా రమ్య తలుపు వెనక చేరుతుంది. దానివి పాముచెవులు. అందుకే ఈ ఉత్తరం మాబూబీ చేతికిచ్చి పంపుతున్నాను. మా కల్లంలో మిరపకాయలు ఏరడానికి వస్తుంది, కూతుర్ని మీ చీరాలలోనే ఇచ్చింది.

రమ్యకి ఒంట్లో బాగాలేదక్కా. మూడు నెలలైంది. పొద్దున లేస్తే కడుపునొప్పి, రెండు ముద్దలు తింటే వాంతి. గౌన్లన్నీ వదులైపోయాయి. నీ దగ్గర దాపరికమేముంది, తొమ్మిదేళ్ళొచ్చాక మళ్ళీ పక్క తడుపుతోంది. తడిపిన దుప్పటి నాకు తెలియకుండా ఉతకబోయి బకెట్‌తో సహా జారిపడింది. మిరపకాయల ఘాటు పడలేదేమో అనుకున్నాను, కల్లం ఇంటి పక్కనే కదా. దిష్టేమోనని ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేశాను. వీధి వీధంతా దగ్గింది. దిష్టి కాదని తేలింది.

చివరికి గుంటూరు తీసుకెళ్ళాం. బ్రాడీపేటలో పిల్లల డాక్టరు స్కానింగు, రక్తపరీక్షలు అన్నీ చేయించి ఏమీ లేదన్నాడు. రమ్యని నర్సుతో బయటికి పంపి మా ఇద్దరినీ అడిగాడు. "ఇంట్లో కోపాలూ గొడవలూ ఎక్కువుంటే కొంతమంది పిల్లలకి ఇట్టా అవుద్దమ్మా. నాటకం కాదు, నొప్పి నిజంగానే వస్తది. మీ ఇంట్లో ఎట్టా ఉంటది?" అన్నాడు. ఈయన నేల చూపులు చూశారు. నేనే "అట్టాంటివేం లేవండి" అన్నాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే కదా పడేది.

నీకు మీ మరిది సంగతి తెలియనిదేముంది. మొదట నల్ల తామరపురుగు పూతంతా తినేసింది. మిగిలిన కాయ ఆరబోస్తే అకాల వాన. అప్పట్నుంచి ఆయన నోటికి అడ్డూ ఆపూ లేదు. ఫోన్ మీద అరుస్తారు, ట్రాక్టర్ మీద అరుస్తారు, కూరలో ఉప్పు తగ్గితే ఇంటి కప్పు ఎగిరిపోవాలి. అరగంట తర్వాత ఏమీ ఎరగనట్టు టీ పెట్టమంటారు. నేను మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారీ గొంతెత్తలేదక్కా, దేవుడి మీద ఒట్టు. ఆయన అరిచిన రోజు నేను ఎవరితోనూ మాట్లాడను. రెండు రోజులు, ఒక్కోసారి నాలుగు. రమ్య వచ్చి కొంగు పట్టుకున్నా విడిపించుకుని పోతాను. నా బాధ నాకుంటుంది కదా. అది కల్లంలో నా పక్కనే కూర్చుని కాయలు ఏరుతుంది, ఎర్రవి ముందున్న కుప్పలోకి, రంగు చచ్చి తెల్లబడ్డ తాలుకాయలు వెనక్కి. చేతులు కాయల మీదుంటాయి, కళ్ళు నా ముఖం మీద.

నా బిడ్డని ఆయన కోపం తినేస్తోంది. ఇట్లాగే ఉంటే నాకు దక్కదు. సెలవులిచ్చారు కాబట్టి రమ్యని నీ దగ్గరికి పంపుతాను. ఈ కాయ పని అయిపోగానే నేనూ వస్తాను. మళ్ళీ ఈ ఇంటికి రాను. ఆయనకు ఇంకా చెప్పలేదు, నువ్వూ చెప్పకు. కాదనకే అక్కా, నాకు నువ్వు తప్ప ఎవరున్నారు.

నీ చెల్లెలు
మల్లేశ్వరి

చీరాల,
మే 12

ఏమండీ,

మీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఫోన్ చేద్దామని మూడుసార్లు తీశాను. మీరు హలో అంటే నాకు మాట రాదని పెట్టేశాను. అంతా చదివాక అరవాలనిపిస్తే అరవండి.

నేను ఇక్కడికి చుట్టపుచూపుగా రాలేదు. మిమ్మల్ని వదిలేసి వచ్చాను. పెట్టెలో నా చీరలన్నీ సర్దుకున్నాను, మీరు గమనించలేదు. రమ్య ఇక్కడికొచ్చిన పదిహేను రోజుల్లో ఒక్క వాంతి కాలేదని, వాడరేవు తీసుకెళ్తే అలల్లోంచి బయటికి రానందని అక్క ఫోన్లో చెబుతుంటే నాకెంత సంతోషమో. బిడ్డ కోలుకున్నందుకు సగం, తప్పు మీదేనని తేలినందుకు సగం. మీ గొంతు వినపడకపోతే చాలు నా కూతురు బతుకుతుందని బస్సులో దారంతా అనుకుంటూ వచ్చాను.

ఆదివారం వచ్చాను. సోమవారం మధ్యాహ్నం బావగారు కొట్టులోకని తెచ్చిన పట్టుచీర మీద రమ్య పప్పుచారు ఒలకబోసింది. సంజీవరావు బావ గొంతు మీకు తెలుసుగా, మీకేం తీసిపోదు. "ఏందే రమ్మీ, చీరక్కూడా అన్నం పెడతన్నావా, కళ్ళు నెత్తికెక్కినయ్యా" అని ఇల్లదిరేలా కేకేశారు. అది పకపకా నవ్వింది. నేను ఒక్క మాట కూడా అనలేదండీ. ముఖం తిప్పుకుని గిన్నెలు కడగడానికి వెళ్ళాను. వెనక్కి తిరిగి చూస్తే దాని నవ్వు లేదు. చెయ్యి కడుపు మీదికి పోయింది. రాత్రి నా పక్కన పడుకుంటానని వస్తే గోడవైపు తిరిగాను. చీర పాడైందని అక్క ముందు తలకొట్టేసినట్టయింది నాకు, అంతే.

మంగళవారం పొద్దున వాంతి. పక్క తడిసింది.

అక్క దాన్ని పెరట్లోకి తీసుకెళ్ళి ఒళ్ళు కడుగుతూ అడిగింది. ఇటు గుమ్మంలో నేను నిలబడి విన్నాను. "నాన్న అరుస్తాడనా అమ్మా నీకు భయం?" అంటే రమ్య చెప్పింది. "నాన్న అరిస్తే గుండెలు దడదడలాడతయ్ పెద్దమ్మా. కానీ అరుపు అయిపోద్ది. అమ్మ మాట్టాడకపోతే ఎప్పటికి అయిపోద్దో తెలవదు. నేను బాగుంటే మాట్టాడిద్ది. బాగోకపోతే తాలుకాయల్లో పడేసిద్ది, మళ్ళీ చూడదు."

నేను లోపలికొచ్చి తడిసిన దుప్పటి బకెట్‌లో వేశానండీ. మా అమ్మ కూడా ఇంతే. ఆవిడ అలిగితే నేనూ అక్కా వారం రోజులు పిల్లుల్లా తిరిగేవాళ్ళం. నోరు జారకపోవడమే మంచితనమని నేర్చుకున్నాను. మీరు అరిచి దులిపేసుకుంటారు, దాన్ని నేను లోపల పెట్టుకుని నాలుగు రోజులు ఆ పసిదానికి వడ్డిస్తాను. మీ తప్పు లేదనను. మీ అరుపుకి అది వణికిపోతుంది, ఆ వణుకుతో నా దగ్గరికొస్తుంది. నేను తలుపేసుకుంటాను. డాక్టరు అడిగినప్పుడు మీరు తలైనా దించుకున్నారు. నేను నిటారుగా కూర్చుని అబద్ధమాడాను.

రమ్య సెలవులయ్యేదాకా ఇక్కడే ఉంటుంది. ఈ లోపల మనిద్దరం ఆ డాక్టరు దగ్గరికి వెళ్దాం. ఉన్నదున్నట్టు నేనే చెబుతాను.

ఊరెళ్తున్నానని నిన్న సాయంత్రం రమ్యకి చెప్పాను. "నా మీద కోపమొచ్చిందా?" అంది. లేదమ్మా అన్నాను. మళ్ళీ అడిగింది. లేదన్నాను. నా గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుని మూడోసారి అడిగింది. లేదు తల్లీ, నీ మీద కాదు అన్నాను. "అయితే వెళ్ళు" అంది. వెళ్ళొద్దని ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. అక్క దగ్గరికి పరిగెత్తి ఆకలేస్తోందని అన్నం అడిగి రెండోసారి కూడా వడ్డించుకుని తింది. నేను వెళ్ళిపోతానంటే నా బిడ్డకి ఆకలేసింది. నేను చాటుగా నిలబడి అది తినడం పూర్తయ్యేదాకా చూశాను.

కూతురి దగ్గరికొచ్చిన మాబూబీ రేపు తిరిగొస్తూ ఈ ఉత్తరం తెచ్చి మీకిస్తుంది. ఎల్లుండి సాయంత్రం బస్సుకి నేనొస్తాను, ఒక్కదాన్నే. బండి తీసుకుని బస్టాండుకి రండి. దారిలో ఏదో ఒకటి అడగండి. జవాబు చెబుతాను.

మీ
మల్లేశ్వరి