నల్లమద్ది కింద ఊడ్చిన నేల

తర్లగూడ,
ఆదివారం

సమ్మక్కా,

అది కాదు, నాలుగు చలికాలాలు మన అడవికొచ్చే సార్లకు పిట్టల్ని చూపించింది నేను కదా! మధ్యలో ఈ కుర్రాడు బిజ్జా ఎక్కడినుంచి ఊడిపడ్డాడు? ఫోన్‌లో చెబితే మీ అక్క ఇంట్లో కూర్చుని నువ్వు నవ్వుతావు. కాగితం మీదైతే ఆ నవ్వు మీ అక్కకే వినపడుతుంది. అందుకే రాస్తున్నాను.

రేంజర్ సాబ్ ఒకటే మాట అన్నాడు. ఈ ఏడు ఒక్క గైడే, రాయ్‌పూర్ సార్లకు ఆదివారం గుడ్లగూబను ఎవరు చూపిస్తే వాళ్లే అని. డేగలంటే నా పని. ఆకాశంలో చుక్కంత ఉన్నా పట్టేస్తాను. గుడ్లగూబ అట్లా కాదు, పగలంతా కొమ్మలో కొమ్మలా కూర్చుంటుంది. బిజ్జా అసలు పైకే చూడడు. ముక్కుపుడక పోగొట్టుకున్నవాడిలా నేల చూసుకుంటూ నడుస్తాడు. తెల్లరెట్ట, అది కక్కిన ఎలుకబొచ్చు ఉండలు కనబడితే ఆగుతాడు. సార్లు "వాహ్ బిజ్జా" అంటారు. నన్నెప్పుడన్నా వాహ్ అన్నారా? "చాయ్ హై క్యా?" అన్నారు.

కడుపు మండింది. నిన్న సాయంత్రం నువ్వు మనింట్లో వదిలి వెళ్లిన కొత్త చీపురు పట్టుకుని వాగు అవతలి నల్లమద్ది దగ్గరికి వెళ్లాను. గుడ్లగూబ ఉండేది అక్కడే, గానీ ఏ కొమ్మ మీదో నా కంటికి ఆనదు. వాడికీ ఆనవాలు దొరక్కూడదని రెట్ట, ఉండలు, అన్నీ ఊడ్చేశాను. ఏటా ఇప్పపూల కోసం చెట్టు కింద ఊడ్చి ఊడ్చి చేతికి అలవాటైంది కదా, చుట్టూ గుండ్రంగా, ఒక్క ఆకు లేకుండా ఊడ్చాను.

పొద్దున అందరం వెళ్లాం. అడవంతా పాదాలు మునిగేంత ఎండుటాకులు. మధ్యలో ఒక్క చెట్టు కింద మాత్రం పెళ్లింటి వాకిలి! బిజ్జా ఆగాడు.

"ఇప్పచెట్టు గాదు, ఇప్పకాలం గాదు. ఇదేంది?" అని తలెత్తాడు. పైన గుడ్లగూబ నన్నే చూస్తోంది.

"ఎవరు ఊడ్చారు?" అన్నాడు సాబ్.

బిజ్జా నావైపు చూశాడు. "ఉప్పలన్న ఊడ్చిండు సాబ్. సార్లు ఆకుల చప్పుడు చేస్తే పిట్ట లేచిపోతదని."

సార్లు నా భుజం తట్టారు. వాహ్ అన్నారు సమ్మక్కా, రెండుసార్లు. చోటు ముందే కనిపెట్టింది నేనే అనుకుని సాబ్ గైడ్‌గా నా పేరే రాసుకున్నాడు.

తర్వాత బిజ్జాను పక్కకు లాగాను. "ఎందుకట్ల చెప్పినవ్‌రా? నీకు పని వద్దా?"

"కావాలె అన్నా. గానీ చీపురు పట్టి అడవిని ఊడ్చినోని పరువు నేనెట్ల తీయాలె?"

ఇప్పుడు సాబ్ రెస్ట్‌హౌస్‌లో అన్నం తింటున్నాడు. చెయ్యి కడుక్కోగానే నిజం చెప్పేస్తాను, ఆ పని బిజ్జాకే ఇమ్మంటాను. కుళ్లు పోయిందనుకోకు. నా అబద్ధం కూడా వాడే నాకంటే బాగా చెప్పాడని కొత్తగా మండుతోంది. అయినా వాడి మొహం చూస్తే

"ఉప్పలన్నా! సాబ్ పిలుస్తుండు, జల్ది దా!"

వాడే పిలుస్తున్నాడు. వెళ్లి చెప్పేసి వచ్చాక మిగతా