పాలపళ్ళు వార్త కాదన్నవాడు

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇవాళ హచ్చొళ్ళి వెళ్ళాను. నువ్వు నడిపిన అంగన్‌వాడీకి తాళం ఉంది. నీ తర్వాత టీచరుగా ఎవరినీ వేయలేదు. తల్లులంతా వరినాట్లలో ఉన్నారు. గట్టు మీద చీర ఉయ్యాలల్లో, తమ పని అయ్యేదాకా పిల్లలు లేవకుండా, వాళ్ళ నోట్లో చక్కెర పాల సీసాలు పెట్టారు.

ఆ గట్టు మీదే రెండున్నరేళ్ళ గంగ ముద్ద ఉమ్మేస్తూ ఏడుస్తోంది. పైపళ్ళు నాలుగూ నల్లటి మొద్దులు. చెంప వాచింది. రేపు బళ్ళారిలో పీకిస్తారట.

"పాలపండ్లే గదప్పా, ఎట్లైనా రాలిపోయేవే," అంది వాళ్ళ అవ్వ.

"రాలిపోయేదానికి ఇంకా నాలుగేండ్లుండాయి. అంతదాకా బిడ్డ దేంతో నమలాల?" అన్నాను. నీ మాటే అది.

నా కోపం ఆమె మీద కాదు. "పండుకునేటప్పుడు సీసాలో నీళ్ళే పెట్టాల, పాలు తాగినాక తడిగుడ్డతో చిగుళ్ళు తుడవాల. ఈ రెండు ముక్కలు పేపర్లో రాయప్పా," అని నువ్వు ఎన్నిసార్లు అడిగావు! పాలపళ్ళు వార్తేంటక్కా అని నవ్వాను. ఆ రోజుల్లో మొదటి పేజీకి రాసిన రాజకీయాల్లో ఒక్కటీ గుర్తులేదు.

పక్క ఉయ్యాలలో గంగ చెల్లెలుంది. ఒక్క పన్ను మొలిచింది. సీసా తీసేసి, తడి తువ్వాలుతో ఆ పన్ను తుడిచాను. పాప గుక్కపట్టి ఏడ్చింది.

"ఎవురప్పా నువ్వు? పండుకున్న బిడ్డను ఏడిపిస్తాండావు!" అని మడిలోంచి వాళ్ళమ్మ అరిచింది.

విలేకరినని చెప్పుకోవడానికి నోరు రాలేదు. టీచరమ్మ తమ్ముణ్ణన్నాను.