నీ పసుపూ, నా ఊపిరీ

శ్రీనగర్ కాలనీ,
మార్చి 2022.

అక్కయ్యకు నీ చెల్లెలు నాగేశ్వరి నమస్కారాలతో రాస్తున్నది.

ఇక్కడ మేమిద్దరం కులాసా. దగ్గు లేదు, జ్వరం లేదు, మీ మరిదిగారికి కోపం కూడా తగ్గింది. కాకినాడలో మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోను ఉండగా ఉత్తరమేమిటంటావేమో. ఫోనులో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. ఈ సంగతి నువ్వు అడ్డురాకుండా చివరిదాకా వినాలి.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. ఆకలి బాగానే ఉంది. మెట్లెక్కుతున్నాను, మధ్యలో ఆగడం లేదు. రోజూ నడుస్తున్నావా అన్నావు. నడుస్తున్నాను, పంజాగుట్ట దాకా. నువ్వు దంచి పంపిన పసుపు రాసుకునే బయటికి వెళుతున్నావా అని కూడా అడిగావు. దానికి కాస్త ఆగు.

పంజాగుట్టలో ఎక్కడికి వెళుతున్నానో నీకు రాయలేదు. స్విమ్మింగ్ పూల్‌కి. నవ్వకు! నీళ్ళలో కసరత్తు చేస్తే కరోనాకి దెబ్బతిన్న ఊపిరితిత్తులు బలపడతాయని డాక్టరుగారన్నారు. అక్కడ పొద్దున ఒక గంట ఆడవాళ్ళకు మాత్రమే. మీ మరిదిగారు "ఏంటీ, ఈ వయసులోనా?" అని నవ్వి, మర్నాడు తనే అమీర్‌పేట వెళ్ళి చేతులూ కాళ్ళూ కప్పే ఈత బట్టలు కొనుక్కొచ్చారు. అవి వేసుకుని, మాస్కు పెట్టుకుని అద్దంలో చూసుకుంటే మూతికి గుడ్డ కట్టిన ఆవకాయ జాడీలా ఉన్నాను.

అక్కడి జాగ్రత్తలు చూస్తే నీకు నచ్చుతాయి. గేటు దగ్గర జ్వరం చూస్తారు, టీకా కాగితం చూపించాలి, నీళ్ళ అంచు దాకా మాస్కు తియ్యకూడదు, దిగేముందు షవర్ కింద సబ్బు రాసుకుని స్నానం చెయ్యాలి. ఇంత చేసినా ఎవరికీ ఎవరిమీదా నమ్మకం లేదు. తలా ఒక మూల నిలబడతాం. ఎవరైనా తుమ్మితే చాలు, ఈత రానివాళ్ళు కూడా ఈదుకుంటూ దూరంగా పోతారు. ఒకరోజు ముక్కులోకి నీళ్ళు పోతే దగ్గు పైకి రానివ్వకుండా మింగడానికి నా కళ్ళు తేలిపోయాయి. పేరు అడిగినవాళ్ళు లేరు, చెప్పినవాళ్ళు లేరు. ఈత నేర్పే మానస మాత్రం "అమ్మా, జర నవ్వుండ్రి! నీళ్లేమన్న కరుస్తయా?" అంటూ ఉంటుంది.

ఇక పసుపు సంగతి. మాస్కు తీశాక నాకు వేరే రక్ష ఏముంది చెప్పు? అందుకని పోయిన సోమవారం నీ పసుపు నువ్వులనూనెలో కలిపి ఒంటికంతా దట్టంగా పట్టించి, పైన ఆ బట్టలు వేసుకుని వెళ్ళాను. షవర్ కింద తలా పాదాలూ తడిపి ఊరుకున్నాను. సబ్బు రాస్తే రక్ష పోతుందని నా భయం. నీళ్ళలో దిగిన కాసేపటికి నా చుట్టూ ఉన్న నీళ్ళు పసుపురంగులోకి తిరిగాయి.

ఒకావిడ కెవ్వుమంది. వాళ్ళు ఏమనుకున్నారో నేను విడమరచి రాయలేను, నువ్వే ఊహించుకో. అందరూ ఒక్క గెంతులో గట్టెక్కి, ఇన్నాళ్ళూ ఆరడుగుల దూరం పాటించినవాళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఒకే మూల నిలబడ్డారు. నీళ్ళలో నేనొక్కదాన్నే.

తలుపవతల నుంచి మేనేజరు ఫణీంద్ర గొంతు. "ఏంటండీ ఆ గోల? ఇంకొక్క ఫిర్యాదు వస్తే లేడీస్ బ్యాచ్ ఎత్తేస్తానని చెప్పానా లేదా?"

అన్నంతా చేసే మనిషే. ఆ గంట పోతే మళ్ళీ నాకు మంచమూ, కిటికీనే గతి.

సిగ్గు చంపుకుని "పసుపమ్మా! ఒంటికి రాసుకున్న పసుపు!" అని అరిచాను. ఎవరూ నమ్మలేదు. ఎర్రగడ్డ నుంచి వచ్చే బుచ్చమ్మగారు (పేరు ఆ తర్వాతే తెలిసింది) అందరికంటే నాకు దూరంగా ఉండేది. ఆవిడ గట్టుమీద చతికిలబడి, నా చెయ్యి లాక్కుని, బట్ట పైకి జరిపి వాసన చూసింది. బయటి మనిషి నన్ను ముట్టుకుని ఎన్నాళ్ళయిందో అక్కయ్యా, ఏడుపొచ్చినంత పనైంది.

"అవ్, గిది పసుపే! మస్తు మంచి పసుపు," అంది. "భయం నాకు సుత ఉన్నది. గిదిగో, వాము, కర్పూరం మూట గట్టి పెట్టుకున్న!" అని తన బట్టల్లోంచి తడిసిన మూట తీసి చూపించింది.

ఆ తర్వాత చూడాలి నువ్వు! ఒకావిడ ముక్కులో కొబ్బరినూనె, ఇంకొకావిడ టోపీ కింద వేపాకు. మాకు రూల్స్ చెప్పే మానస కూడా "నేను నీలగిరి తైలం రాసుకొచ్చిన" అని నాలిక కరుచుకుంది. నవ్వీ నవ్వీ అందరికీ దగ్గొచ్చింది. ఒక్కరు కూడా పక్కకు జరగలేదు.

మానస తలుపు దగ్గరికెళ్ళి, "పసుపు సార్, ఇంకేం లేదు. మిషన్ నడిపిస్తే నీళ్లు సాఫైతయి. ఫిర్యాదు చేసేటోళ్లు ఎవ్వరు లేరు, అడుగుండ్రి" అంది. "లేరు!" అని అందరం ఒక్క గొంతుతో అరిచాం. ఫణీంద్ర గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. నీళ్ళు శుభ్రమయ్యాక మళ్ళీ మా గంట మాకిచ్చాడు. కాకపోతే గోడమీద కొత్త బోర్డు వెలిసింది: "పసుపు, నూనె, మూటలతో దిగరాదు." అది చూసినప్పుడల్లా నువ్వు గుర్తొస్తావు. ఇప్పుడు సబ్బుతో శుభ్రంగా కడుక్కునే దిగుతున్నాను, ఒట్టు. బుచ్చమ్మగారికి కూరల్లోకి నీ పసుపు కావాలట, ఈసారి ఎక్కువ పంపు.

ఒక్కటి మాత్రం నీ దగ్గర దాచాను. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచి నాకు కళ్ళు మూసుకోవాలంటే భయం. నిద్రలో ఊపిరి ఆగిపోతుందేమోనని దాన్నే వింటూ పడుకునేదాన్ని. చెబితే నీకూ నిద్ర ఉండదని చెప్పలేదు.

నిన్న మానస "ఊపిరి బిగవట్టి తల ముంచుండ్రి అమ్మా" అంది. ఒక చెయ్యి తను పట్టుకుంది, ఇంకో చెయ్యి బుచ్చమ్మగారు. ముంచాను. నా ఊపిరిని నేనే ఆపుకున్నాను అక్కయ్యా, నాకు తోచినంతసేపు! మళ్ళీ నాకు ఇష్టమైనప్పుడు వదిలాను. పైకి లేచి ఎంత గట్టిగా నవ్వానంటే, బయట బెంచీ మీద ఫ్లాస్కు పట్టుకుని కూర్చున్న మీ మరిదిగారు "నాగేశ్వరీ, ఏమైంది?" అని కంగారుపడ్డారు.

నిన్న రాత్రి ఇంక ఊపిరి వినలేదు. పడుకోగానే నిద్రపోయాను.

ఇట్లు,
నీళ్ళంటే బెదురు తీరిన
నీ చెల్లెలు
నాగేశ్వరి