విమానం సీట్లు, కాలువ నీళ్లు

నంద్యాల,
సెప్టెంబరు 1988

ప్రియమైన మీకు,

లూదియా వందనాలు. ఏ పనీ నిలకడగా చేయలేకపోతున్నాను. కాలేజీలో నేను చెప్పే కొత్త కంప్యూటర్ కోర్సులో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్న ఉమామహేశ్వరమ్మ పది రోజులుగా కాలేజీకి రావడం లేదు. వాళ్లది మన ఆళ్లగడ్డ పక్క పల్లెటూరే. తండ్రి పుల్లయ్య కాలువ కింద వరి పెడతాడు. పెళ్లి కుదిర్చారేమోనని నా అనుమానం. ఒకసారి వెళ్లి కనుక్కోండి.

మీ బడిలో లెక్కల టీచరు ఉద్యోగం సంగతి మళ్లీ అడిగారు. ఇప్పుడేమీ తేల్చలేను. కోప్పడకండి.

మీ లూదియా


ఆళ్లగడ్డ,
సెప్టెంబరు 1988

ప్రియమైన లూదియాకు,

ఆదివారం ఆరాధన అయ్యాక సైకిలు మీద వెళ్లాను. పెళ్లి మాట ఎత్తగానే పుల్లయ్య మండిపడ్డాడు. "పెళ్లేంది సారూ? నేను పో పో అని మొత్తుకుంటాండా. అదే పోనంటాంది. నువ్వే అడుగప్పా."

ఉమను పక్కకు పిలిచి అడిగాను. ఇలా అంది: "విమానంలో సీట్లు రిజర్వు చేసే ప్రోగ్రాం అంతా బట్టీ కొట్టి రాసినా సార్. అదెందుకట్లా రాయాల్నో నాకు తెలీదు. మార్కులు మాత్రం నాకే ఎక్కువొచ్చినాయ్. మేడమ్ నిలబెట్టి మెచ్చుకుంటాంటే భయమేసింది. ఎవురన్నా ఒక్క ప్రశ్న అడిగితే నేనేం చెప్పాల?"

నీ మనసు నొచ్చుకుంటుందని తెలిసీ ఉన్నదున్నట్టు రాశాను. అంత అవస్థ పడేకంటే ఇక్కడికి వచ్చేయరాదా? ఒక్కడినే వండుకోలేక చస్తున్నాను.

నీ దేవదానం


నంద్యాల,
అక్టోబరు 1988

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం చదివాక అన్నం సయించలేదు. సాయంత్రాలు పిల్లల్ని నా గదికి పిలిచి ఒక్కొక్కరినే కూర్చోబెట్టుకుని అడుగుతున్నాను. సగం క్లాసుది ఉమ మాటే.

పుస్తకం పక్కన పెట్టేశాను. ఒక కాలువ, దాని కింద ఎనిమిది పొలాలు, నీళ్ల వంతు ఎవరిది ఎప్పుడో కంప్యూటర్ చెప్పాలి అన్నాను. క్లాసు సంతలా అయిపోయింది. "ముందు ఎగువోనికే!" అని ఒకడు, "అట్లయితే కిందోడు ఎండి సావాల్నా?" అని నరసింహులు. ఏది న్యాయమో తేల్చుకుంటే గాని ప్రోగ్రాం రాయలేమని వాళ్లే పట్టుకున్నారు.

మా హెడ్డు శేషయ్య గారు గుమ్మంలో నిలబడి విని, "పరీక్షలో కాలువ రాదమ్మా, విమానమే వస్తుంది" అని వెళ్లిపోయారు. సిలబస్ మార్చమని యూనివర్సిటీకి రాశాను. మనసు ఒకచోట నిలవడం లేదు.

ఈ కాలువ లెక్క ఉమకు ఇవ్వండి. రమ్మని బతిమాలకండి, ఇచ్చి ఊరుకోండి.

మీ లూదియా


ఆళ్లగడ్డ,
నవంబరు 1988

ప్రియమైన లూదియాకు,

ఉమ నీ లెక్క రెండుసార్లు చదివింది. "మేడమ్ ఒకటి మర్సిపోయినారు సార్. నీళ్లు కిందికి చేరేదానికి టైం పడతాది గదా! మా చేను ఆఖరిది" అని నవ్వింది. సోమవారం నంద్యాల బస్సెక్కింది.

మా బడిలో ఆ ఉద్యోగం నీకోసం వేసవి దాకా ఆపి ఉంచుతామన్నారు. ఆలోచించు.

నీ దేవదానం


నంద్యాల,
మే 1989

ప్రియమైన మీకు,

సిలబస్ మార్చడం కుదరదని యూనివర్సిటీ రెండు ముక్కల్లో జవాబిచ్చింది. పరీక్షలో విమానమే వచ్చింది. ఉమకు యాభై రెండు మార్కులు. నరసింహులు తండ్రి ప్రిన్సిపాల్ గదిలో నన్ను నిలదీశాడు: "కాలువ సంగతి మాకు తెలీదా? అది నేర్సుకునేదానికి నీ కాడికి పంపినామా?" పుస్తకం చెబితే ఉండమని, లేకుంటే నీ ఇష్టమని శేషయ్య గారు అన్నారు.

పిల్లల మార్కులతో ఆడుకున్నానా? కూర్చుంటే లేవాలని, లేస్తే ఎక్కడికైనా వెళ్లిపోవాలని ఉంది. ఆ బడి ఉద్యోగం ఇంకా ఉంటే చెప్పండి. వచ్చేస్తాను.

మీ లూదియా


ఆళ్లగడ్డ,
మే 1989

ప్రియమైన లూదియాకు,

ఆ ఉద్యోగం లేదు. వేరేవాళ్లకు ఇచ్చుకోమని నిన్న నేనే చెప్పాను. ముందు తిట్టుకో, తర్వాత మిగతాది చదువు.

మొన్న ఉమ, నరసింహులు ఇంటికి వచ్చారు. మార్కుల గురించి ఊరడించబోతే ఉమ అడ్డుపడింది. "ఈసారి బట్టీ కొట్టలేదు సార్. నేనే ఆలోచించి రాసినా. సగం తప్పయింది. యాడ తప్పినానో గూడా నాకు తెలుసు. మేడమ్ పోతాండారంట, నిజమేనా?" నరసింహులు తల దించుకుని, "మా నాయనకు నేను జెప్పుకుంటా సార్. మేడమ్‌ను పోనియ్యొద్దు" అన్నాడు. నిన్ను ఇక్కడికి లాగుతున్నది నేనేనని వాళ్లకు చెప్పలేకపోయాను.

క్లాసులో పుస్తకమే చెప్తానని ఒప్పుకో. సాయంత్రం పిల్లల్ని విడిగా కూర్చోబెట్టుకుంటావే, అది మాత్రం వదలకు. యూనివర్సిటీకి మళ్లీ రాయి, ఈసారి పిల్లల చేత కూడా రాయించు.

నంద్యాలలో ఒక బడిలో లెక్కల టీచరుగా చేరడానికి నేను ఒప్పుకున్నాను. జూన్‌లో వస్తున్నాను. నీ ఒక్క గదిలో ఇద్దరం సర్దుకుందాం. పిల్లలు వచ్చినప్పుడు నేను బయట మెట్ల మీద కూర్చుంటాను.

నీ దేవదానం